ఇంగ్లండ్ పల్లెలో కాపురం పెట్టారా? ఊరి కబుర్లు, నోటీసులు పట్టుకోవడం ఇలా

లండన్‌లోనో స్లౌలోనో ఉన్నవాళ్లకి ఈ గొడవ అక్కర్లేదు. ఆసుపత్రి ఉద్యోగం వల్లనో, వారానికి రెండు రోజులు ఆఫీసుకి వెళ్తే చాలన్న ధీమాతోనో, పిల్లలకి కాస్త పెరడు ఉంటుందన్న ఆశతోనో ఇంగ్లిష్ పల్లెటూరికి మారినవాళ్ల కోసం రాస్తున్నా. మా ఊరంటే ఒక చర్చి, ఒక పబ్, ఒక విలేజ్ హాల్, రోడ్డుకి అటూ ఇటూ ఇళ్లు, అంతే. మొదటి ఏడాది ఊళ్లో ఏం జరుగుతోందో నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరితే మలుపు దగ్గర రోడ్డు మూసేసి ఉంది, తొమ్మిది మైళ్లు చుట్టు తిరిగి వెళ్లాను, మీటింగ్ పోయింది. సాయంత్రం పక్కింటి పెద్దాయన దగ్గర చిరాకు పడితే ఆయన చాలా మర్యాదగా, "ఆ స్తంభానికి కాగితం కట్టి రెండు వారాలయిందే" అన్నాడు. ఆ రెండు వారాలూ నేను రోజుకి రెండుసార్లు దాని పక్కనుంచే కారు తోలాను.

మన పల్లెల్లో అయితే కబురు మన దగ్గరికే వస్తుంది. చాటింపు వేస్తారు, గుడి మైకులో చెప్తారు, రచ్చబండ దగ్గర ఎవరో ఒకరు పిలిచి మరీ చెప్తారు. ఇక్కడ ఎవరూ పిలిచి చెప్పరు. కాగితం అంటిస్తారు. చదువుకోవడం మన పని.

ముందు ఊరు ఎవరెవరి కింద ఉందో కనుక్కోండి

ఇది తెలియకుండా నోటీసులు చదివితే సగం అర్థం కావు. గోతి గురించి ఒకరికి, చెత్త గురించి ఇంకొకరికి, స్మశానం పిట్టగోడ గురించి మరొకరికి చెప్పుకోవాలి.

అన్నిటికన్నా కింద ఉండేది పారిష్ కౌన్సిల్. మన గ్రామ పంచాయతీ లాంటిదే గానీ సర్పంచ్ దర్పం ఏమీ ఉండదు. కనీసం ఐదుగురు సభ్యులు, వాళ్లకి జీతం లేదు, ఏటా వాళ్లలో వాళ్లే ఒక ఛైర్మన్‌ని ఎన్నుకుంటారు. జీతం ఉండేది క్లర్క్‌కి, అది కూడా చాలా ఊళ్లలో వారానికి కొన్ని గంటల పనే. అసలు ఊరి కబుర్లన్నీ ఈ క్లర్క్ చేతిలోంచే బయటికి వస్తాయి, కాబట్టి పేరు, ఈమెయిల్ ముందు రాసిపెట్టుకోండి. బెంచీలు, బస్ షెల్టర్, ఆటస్థలం, కూరగాయల మడులు అద్దెకిచ్చే అలాట్‌మెంట్లు, కొన్నిచోట్ల వీధి దీపాలు వీళ్లవి.

దాని పైన డిస్ట్రిక్ట్ కౌన్సిల్: చెత్త డబ్బాలు, ఇళ్ల ప్లాన్ అనుమతులు, కౌన్సిల్ టాక్స్ వసూలు. ఆ పైన కౌంటీ కౌన్సిల్: రోడ్లు, బడులు, లైబ్రరీలు. కొన్నిచోట్ల ఈ రెండూ కలిపి ఒకటే చేసేశారు, సోమర్‌సెట్, నార్త్ యార్క్‌షైర్‌లలో 2023 ఏప్రిల్ నుంచి అంతే. మీది ఏ రకమో తెలుసుకోవడానికి తేలికైన దారి కౌన్సిల్ టాక్స్ బిల్లు. అందులో ఎవరి వాటా ఎంతో వరసగా రాసి ఉంటుంది, పారిష్ వాటా విడిగా ఒక గీత. ఆ వాటాని ఇక్కడ ప్రిసెప్ట్ అంటారు. చలికాలం మీటింగుల్లో ఊరివాళ్లు కాస్త గట్టిగా మాట్లాడుకునేది దాని గురించే.

ఇంకో తికమక కూడా ఉంది, నేను ఆరు నెలలు ఇందులోనే పడి కొట్టుకున్నాను. పారిష్ కౌన్సిల్ వేరు, చర్చివాళ్ల పరోకియల్ చర్చ్ కౌన్సిల్ వేరు. రెండిట్లోనూ పారిష్ వాసన ఉంటుంది, చిన్న ఊళ్లలో కొన్నిసార్లు మనుషులు కూడా వాళ్లే ఉంటారు, కానీ 1894 చట్టంతో ఊరి పరిపాలన చర్చి చేతుల్లోంచి విడిపోయి ఎన్నికైన కౌన్సిళ్లకి వచ్చింది. చర్చి కప్పు కారితే ఒకరు, ఆటస్థలంలో ఉయ్యాల విరిగితే ఇంకొకరు. నేను ఉయ్యాల గురించి వికార్‌కి, అంటే చర్చి ఫాదర్‌కి, ఈమెయిల్ పెట్టాను. పాపం ఆయన ఓపిగ్గా జవాబిచ్చాడు.

నోటీసు బోర్డు: వారానికోసారి, నడిచి వెళ్లి

బోర్డు ఎక్కడుందో వెతకండి. విలేజ్ హాల్ గోడకో, బస్ స్టాప్ పక్కనో, పబ్ ఎదురుగానో చెక్క చట్రంలో గాజు తలుపు పెట్టి ఉంటుంది. చాలావాటికి రెండు అరలు: తాళం ఉన్నది కౌన్సిల్‌ది, తాళం లేనిది ఊరందరిది. చట్టపరమైన సంగతులన్నీ తాళం ఉన్న అరలో ఉంటాయి. యోగా క్లాసు, తప్పిపోయిన పిల్లి, పాత సోఫా ఊరికే ఇస్తాం లాంటివి రెండోదాంట్లో.

కారులోంచి చూస్తే చాలదు, దిగాలి. నేను ఆదివారం పొద్దున కాఫీ తాగి నడుచుకుంటూ వెళ్లి ఫోన్‌తో బోర్డు ఫోటో తీసుకుంటాను, ఇంటికొచ్చాక తీరిగ్గా పెద్దది చేసి చదువుతాను. మొదట్లో ఎవరో అనుమానంగా చూశారు, ఇప్పుడు చేతులూపుతున్నారు.

ఏ కాగితం చూసినా ముందు తేదీ చూడండి, తర్వాత కింద సంతకం ఎవరిదో చూడండి, ఆ తర్వాతే విషయం. గడువు దాటిన నోటీసు చదివి ఆవేశపడి లాభం లేదు కదా. తాళం అరలో మీకు ఎక్కువగా కనిపించేవి ఇవి.

మీటింగ్ అజెండా. పారిష్ కౌన్సిల్ మీటింగ్‌కి మూడు పూర్తి రోజుల ముందు ఊళ్లో అందరికీ కనిపించే చోట నోటీసు అంటించి తీరాలి, అది చట్టం. అంటించిన రోజు లెక్కలోకి రాదు, మీటింగ్ రోజు రాదు, ఆదివారాలు, బ్యాంక్ సెలవులు రావు. గురువారం సాయంత్రం మీటింగ్ అయితే మామూలుగా ముందు శుక్రవారానికే కాగితం ఎక్కేస్తుంది. అజెండాలో లేని విషయం మీద ఆ రోజు నిర్ణయం తీసుకోకూడదు. అంటే మీ వీధికి సంబంధించింది అందులో లేకపోతే నిశ్చింతగా పడుకోవచ్చు, ఉంటే మాత్రం చొక్కా తొడుక్కుని వెళ్లాల్సిందే.

ఖాళీ అయిన పదవి నోటీసు. సభ్యుడెవరైనా రాజీనామా చేసినా పోయినా ఇది పెడతారు. 14 పని దినాల్లోపు ఊరి ఓటర్లు పదిమంది రాసి అడిగితే ఉప ఎన్నిక, అడగకపోతే కౌన్సిలే ఎవరినో ఒకరిని చేర్చుకుంటుంది. దాన్ని కోఆప్షన్ అంటారు, పల్లెల్లో జరిగేది ఎక్కువగా ఇదే, ఎందుకంటే పోటీకి ఎవరూ రారు. మనవాళ్లకి తెలియని సంగతి ఇక్కడ ఒకటుంది. భారత పౌరులు కామన్వెల్త్ కిందికి వస్తారు కాబట్టి, ఇక్కడ ఉండటానికి వీసా ఉన్న పెద్దవాళ్లు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు, ఇండియన్ పాస్‌పోర్ట్‌తోనే ఓటేయొచ్చు. శాశ్వత నివాస అనుమతి వచ్చాక పారిష్ కౌన్సిల్‌కి నిలబడొచ్చు కూడా. ఊరి ఓటరు జాబితాలో ఉండటమో, ఏడాదిగా ఆ ఊళ్లో గానీ దానికి మూడు మైళ్ల లోపు గానీ నివసించడమో, అలాంటి సంబంధం ఒకటి ఉంటే చాలు.

జమాఖర్చుల నోటీసు. ఏటా వేసవిలో వస్తుంది. 30 పని దినాలపాటు ఊళ్లో ఎవరైనా వెళ్లి కౌన్సిల్ ఖాతా పుస్తకాలు, బిల్లులు తిరగేసి చూడొచ్చు. ఆ గడువులో జూలై మొదటి పది పని దినాలు తప్పనిసరిగా ఉండాలి. నాకు తెలిసి మా ఊళ్లో ఎవరూ వెళ్లి చూడరు. నేను ఒకసారి వెళ్లాను, గడ్డి కోయించడానికి ఎంత అవుతుందో చూసి కళ్లు తిరిగాయి.

స్తంభానికి కట్టిన కాగితాలు: గడువు లెక్క ఇక్కడే

బోర్డు మీద లేకుండా కంచెకో, కరెంటు స్తంభానికో, గేటుకో ప్లాస్టిక్ కవరులో కట్టి ఉండేవి డిస్ట్రిక్ట్ వాళ్లవో కౌంటీవాళ్లవో అయి ఉంటాయి. చాలాచోట్ల పసుపు రంగులో ఉంటాయి గానీ రంగు కౌన్సిల్‌ని బట్టి మారుతుంది.

ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ప్లానింగ్ నోటీసులు. పక్కింటివాళ్లు పై అంతస్తు వేస్తున్నా, వెనక పొలంలో నలభై ఇళ్లు లేస్తున్నా ఇదే కాగితం, ఒకటే సైజు. అభిప్రాయం చెప్పడానికి మామూలుగా 21 రోజులు ఇస్తారు. మా వెనక సందులో కట్టిన నోటీసు నేను చూసేసరికి 26వ రోజు. నిర్ణయం వెలువడేలోపు వచ్చిన ఉత్తరాలని వాళ్లు చూడొచ్చు గానీ చూసి తీరాలన్న నియమం లేదు. నేను రాసింది చూశారో లేదో దేవుడికే తెలియాలి, గోడ మాత్రం లేచింది.

కాబట్టి ఇలా చేయండి. కాగితం మీద దరఖాస్తు నంబరు ఉంటుంది, ఫోటో తీయండి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే ప్లాన్లన్నీ తెరుచుకుంటాయి. ప్లాన్లు చూడకుండా, ఎవరో చెప్పింది విని ఉత్తరం రాయొద్దు. రాసేటప్పుడు ఏవి లెక్కలోకి వస్తాయో తెలిసి రాయాలి: మీ ఇంట్లోకి సూటిగా కనిపించడం, వెలుతురు ఆగిపోవడం, చప్పుడు, ఆ ఇరుకు రోడ్డు మీద ట్రాఫిక్, పాత కట్టడాలకి నష్టం. ఏవి రావంటే, మా కిటికీలోంచి కనిపించే కొండ ఇక కనిపించదు అన్నది, మా ఇంటి ధర పడిపోతుంది అన్నది. నిజానికి అందరికీ బాధ ఈ రెండిటి గురించే, అందుకే అవి వదిలేసి మిగతావి రాయడం కష్టం. ఇంకో మాట, మీరు రాసింది మీ పేరుతో సహా అందరికీ కనిపిస్తుంది. పక్కింటాయన మీద కోపం అందులో పెట్టకండి, రేపు మీ కారు మంచులో ఇరుక్కుంటే ట్రాక్టర్ తెచ్చేది ఆయనే.

మీ ఊరు కన్సర్వేషన్ ఏరియా, అంటే పాత రూపం చెదరకుండా కాపాడే ప్రాంతం, అయితే (చర్చి చుట్టూ పాత ఇళ్లుండే ఊళ్లు చాలా అలాంటివే) మీ పెరట్లో చెట్టు కొట్టాలన్నా, ఓ మోస్తరు లావు దాటినదైతే, కౌన్సిల్‌కి ఆరు వారాల ముందు చెప్పాలి. మన చెట్టు మన ఇష్టం అనుకుని రంపం తీయకండి, జరిమానాలు గట్టిగా ఉంటాయి.

పబ్ కిటికీకి లేత నీలం కాగితం కనిపిస్తే అది మద్యం, పాటల లైసెన్స్ దరఖాస్తు, 28 రోజులు అలా ఉంచాలి. రోడ్డు మూత కాగితాల్లో తేదీలతో పాటు చుట్టుదారి మ్యాప్ కూడా ఉంటుంది, ఆఫీసుకి వెళ్లే దారిలో ఎక్కడ కనిపించినా ఆగి చూడండి. కాలిబాట మళ్లింపు నోటీసులు కూడా అప్పుడప్పుడు వస్తాయి, కుక్కని తిప్పేవాళ్లు ఊరంతా వాటి గురించే మాట్లాడుకుంటారు కాబట్టి అవి ఎలాగూ మీ చెవిన పడతాయి.

చర్చి వరండా, పారిష్ మ్యాగజైన్

మీకు ఆ మతంతో సంబంధం లేకపోయినా చర్చి వరండాలోకి వెళ్లండి. ఎవరూ ఏమీ అనుకోరు. పెళ్లి కావాల్సిన జంట పేర్లు వరసగా కాకపోయినా మూడు ఆదివారాలు చర్చిలో చదువుతారు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని, దాన్ని బాన్స్ అంటారు. ఇక్కడ ఒక్క వికార్‌కి ఐదారు ఊళ్లు ఉండటం మామూలు. అందుకే మొదటి ఆదివారం మా ఊళ్లో, రెండో ఆదివారం పక్క ఊళ్లో అంటూ ఒక పట్టిక వేలాడుతూ ఉంటుంది. అంత్యక్రియల సమయం కూడా అక్కడే. ఆ రోజు వీధంతా కార్లు నిండిపోతాయి, మీ గేటుకి అడ్డంగా ఎవరైనా కారు పెట్టినా ఆ ఒక్కపూటకి ఊరుకోండి.

కబుర్ల గని మాత్రం పారిష్ మ్యాగజైన్. నెలకోసారి వచ్చే చిన్న పుస్తకం, కొన్నిచోట్ల జూలై-ఆగస్టుకి కలిపి ఒకటే. పేరుకి చర్చిది, లోపల ఊరంతా ఉంటుంది. వికార్ రాసే మొదటి పేజీ, కౌన్సిల్ మీటింగ్ సారాంశం, తోటపని సలహాలు, ఉమెన్స్ ఇన్‌స్టిట్యూట్ కబుర్లు (కెనడాలో 1897లో మొదలై 1915లో బ్రిటన్‌కి వచ్చిన మహిళా సంఘం ఇది, ఇక్కడి పల్లెల్లో వాళ్లకి తెలియని సంగతి ఉండదు), మొబైల్ లైబ్రరీ బండి వచ్చే రోజు, పోస్టాఫీసు వ్యాన్ ఆగే గంట.

అసలు విలువ వెనక పేజీల ప్రకటనల్లో ఉంది. పొగగొట్టం శుభ్రం చేసేవాడు, సెప్టిక్ ట్యాంక్ ఖాళీ చేసేవాడు, పొయ్యిలోకి కట్టెలు తెచ్చేవాడు, బాయిలర్ మెకానిక్. ఇక్కడి పల్లెల్లో చాలావాటికి గ్యాస్ పైపు లేదు. ఇంటి వెనక ట్యాంకులో నూనె పోయించుకుని దానితోనే ఇల్లు వెచ్చబెట్టుకోవాలి. అందుకే ఊరివాళ్లు కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టి ధర తగ్గించుకునే ఆయిల్ క్లబ్బులు ఉంటాయి, ఆ సంగతి ఎక్కడో మూల రెండు గీతల్లో ఉంటుంది. నేను దాన్ని చూడక మొదటి చలికాలం అంతా ఒంటరిగా కొన్నాను.

మ్యాగజైన్ దొరకడం ఎలా అంటే, ప్రతి వీధికి ఒకరు ఇంటింటికీ పంచుతారు. మీకు రాకపోతే చర్చిలోనో దుకాణంలోనో ఒక ప్రతి తీసుకుని, వెనక ఉన్న ఎడిటర్ అడ్రసుకి మేము కొత్తగా వచ్చాం అని ఒక చీటీ రాయండి. చందా చాలా తక్కువ, కొన్ని ఊళ్లలో ఊరికే ఇస్తారు. ఒక్క హెచ్చరిక, ఆ ఎడిటర్ వచ్చే నెలకి పంచడానికి మనుషులు కావాలి అని అడుగుతారు. ఒప్పుకోండి. నాకు ఊళ్లో ఇరవై ఇళ్లు తెలిసింది అలాగే.

వాట్సాప్ గ్రూప్ కూడా ఉంటుంది, ఎవరో ఒకరు చేర్చాకే లోపలికి. కరెంటు పోయింది, ఎవరివో గొర్రెలు రోడ్డెక్కాయి, ఇలాంటి అప్పటికప్పటి కబుర్లకి బాగుంటుంది. తేదీలకి, నియమాలకి దాన్ని నమ్మొద్దు. కరెంటు పోతే ఎలాగూ 105కి ఫోన్ చేయాలి, గ్రూప్‌లో దీపం బొమ్మ పెడితే ఎవరూ వచ్చి బాగుచెయ్యరు.

ఊరి మధ్య ఎర్ర ఫోన్ బాక్సు ఉంటే అది కూడా ఓసారి తెరిచి చూడండి. 2008 నుంచి ఫోన్ కంపెనీ బీటీ వాళ్లు వాడుకలో లేనివాటిని ఒక్క పౌండుకి ఊళ్లకి ఇస్తున్నారు. ఇప్పుడు వాటిలో పాత పుస్తకాలో, గుండె ఆగినప్పుడు వాడే డీఫిబ్రిలేటరో ఉంటుంది. ఆ పెట్టెకి తాళం ఉంటే అత్యవసర నంబరు 999కి ఫోన్ చేస్తే కోడ్ చెప్తారు. ఇది మాత్రం అవసరం రాకముందే చూసి పెట్టుకోవాలి.

నోటీసుల భాష

ఇంగ్లిష్ వచ్చినా ఈ నోటీసులు అర్థం కావడానికి నాకు టైమ్ పట్టింది. '7 ఫర్ 7.30' అని ఉంటే ఏడింటి నుంచి రావచ్చు, అసలు కార్యక్రమం ఏడున్నరకి అని. మన లెక్కన ఎనిమిదింటికి వెళ్తే అందరూ సూప్ ముగించి తల తిప్పి చూస్తారు. 'బ్రింగ్ అండ్ షేర్' అంటే ఇంట్లో వండి తెచ్చి అందరూ పంచుకోవడం. లాంకషైర్ వైపు దీన్నే 'జేకబ్స్ జాయిన్' అంటారు. ఆ పేరు చూసి జేకబ్ ఎవరో అని అడిగినవాడు నా స్నేహితుడే, పేరు చెప్పను. 'బ్రింగ్ అండ్ బై' వేరు: ఇంట్లోంచి ఏదో ఒక వస్తువు తెచ్చి ఊరికే ఇవ్వాలి, అక్కడున్న ఇంకో వస్తువు కొనాలి, డబ్బు ఏదో ఒక మంచి పనికి పోతుంది.

'రిటైరింగ్ కలెక్షన్' అంటే ఎవరో రిటైర్ అవుతున్నారని కాదు, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర పళ్లెంలో చందా వేయమని. 'కాఫీ మార్నింగ్' అంటే కాఫీ నెపం, కేకు అసలు సంగతి. 'బీటిల్ డ్రైవ్' పాచికలు వేసి పురుగు బొమ్మ పూర్తి చేసే ఆట, పిల్లల్ని తీసుకెళ్లండి. 'జంబుల్ సేల్' పాత బట్టలు, సామాన్లు. 'హార్వెస్ట్ సప్పర్' శరత్కాలంలో పంట ఇంటికొచ్చాక పెట్టుకునే భోజనం, మనకి సంక్రాంతి ఎలాంటిదో వీళ్లకి అలాంటి ఊరి పండగ అనుకోవచ్చు, కాకపోతే హరిదాసులూ కోడి పందాలూ ఉండవు. టికెట్ ముందే కొనాలి, ఎంతమందికి వండాలో లెక్క ఉంటుంది. శాకాహారులైతే టికెట్ కొనేటప్పుడే చెప్పాలి, అక్కడికెళ్లి చెప్తే జున్ను, బ్రెడ్డు తప్ప ఏమీ దొరకదు.

'ప్రొడ్యూస్ షో', అంటే పెరట్లో పండించినవాటి పోటీ, నోటీసు వస్తే నియమాలు మొత్తం చదవండి, వాళ్లు చాలా పట్టింపుగా ఉంటారు. ఐదు టమాటాలు అంటే ఐదే, తొడిమలతో అంటే తొడిమలతోనే.

నవంబర్ రెండో ఆదివారం రిమెంబ్రెన్స్ సండే. యుద్ధ స్మారకం దగ్గర పదకొండింటికి రెండు నిమిషాలు మౌనం, ఆ కాసేపు రోడ్డు కూడా ఆగిపోవచ్చు. ఆ నోటీసు చూస్తే వీలైతే వెళ్లండి.

మీటింగ్‌కి వెళ్లడం

పారిష్ కౌన్సిల్ మీటింగ్‌లోకి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, 1960 నాటి చట్టం ఆ హక్కు ఇస్తుంది. 2014 నుంచి రికార్డ్ కూడా చేసుకోవచ్చు, అయితే మొదటి రోజే ఫోన్ ఎత్తి పట్టుకుంటే మీకు చాయ్ ఎవరూ ఇవ్వరు. కౌన్సిల్ ఏడాదికి కనీసం నాలుగుసార్లు కూర్చోవాలి, చాలావి నెలకోసారి కూర్చుంటాయి.

మీరు వెళ్లి ఎక్కడంటే అక్కడ లేచి మాట్లాడటం కుదరదు. అజెండాలో ప్రజలు మాట్లాడే సమయం అని ఒక అంశం ఉంటుంది, ఎక్కువగా మొదట్లోనే, మనిషికి రెండు మూడు నిమిషాలు. కాబట్టి చెప్పదలుచుకున్నది నాలుగు వాక్యాల్లో రాసుకెళ్లండి. ఇంకా మంచిది, పది రోజుల ముందే క్లర్క్‌కి ఈమెయిల్ పెట్టి ఈ విషయం అజెండాలో పెడతారా అని అడగడం. అజెండాలో లేకపోతే, మీరు ఎంత బాగా మాట్లాడినా, రాసుకున్నాం, వచ్చే నెల చూద్దాం అంటారు. నేను బడి దగ్గర కార్ల వేగం గురించి మొదటిసారి అలా మాట్లాడి నెల పోగొట్టుకున్నాను. తర్వాత తెలిసింది, రోడ్డు కౌంటీది కాబట్టి పారిష్ వాళ్లు చేయగలిగేది వాళ్లకి ఉత్తరం రాయడమే అని. అయినా ఒక్కడి ఉత్తరం కన్నా కౌన్సిల్ ఉత్తరానికి బరువు ఎక్కువ.

వార్షిక పారిష్ మీటింగ్ అని ఇంకోటి ఉంది, మార్చి 1కీ జూన్ 1కీ మధ్య, సాయంత్రం ఆరు దాటాకే మొదలవ్వాలి. ఇది కౌన్సిల్ మీటింగ్ కాదు, ఊరి ఓటర్ల మీటింగ్, మన గ్రామసభ లాంటిది. అక్కడ ఓటరు ఎవరైనా మాట్లాడొచ్చు, ఓటేయొచ్చు. ఆరుగురు ఓటర్లు కలిస్తే ఏడాదిలో ఎప్పుడైనా ఇలాంటి సభ పిలవొచ్చు. మొదటిసారి వెళ్లడానికి ఇదే మంచిది, చాలా ఊళ్లలో వైన్, చీజ్ కూడా పెడతారు, మనుషుల్ని రప్పించడానికి.

మన నోటీసు మనం పెట్టడం

ఇన్నాళ్లూ చదివారు, ఒకరోజు మీరే ఏదో ఒకటి పెట్టాల్సి వస్తుంది. దీపావళినే తీసుకుందాం, మేము చేసింది అదే.

ముందు విలేజ్ హాల్ బుకింగ్ సెక్రటరీకి ఫోన్. మంచి శనివారాలు నెలల ముందే అయిపోతాయి. ఊరివాళ్లకి అద్దె తక్కువ ఉంటుంది, అడగండి. మద్యం అమ్మే ఆలోచన ఉంటే హాల్‌కి లైసెన్స్ ఉందేమో కనుక్కోండి, లేకపోతే కౌన్సిల్‌కి టెంపరరీ ఈవెంట్ నోటీస్ పెట్టాలి, 21 పౌండ్లు, పది పని దినాల ముందు, 499 మంది మించకూడదు. టికెట్ డబ్బులో ఒక గ్లాసు వైన్ కలిపినా అమ్మినట్టే లెక్క. అసలు అమ్మకపోతే ఈ టెన్షన్ లేదు. లాటరీ టికెట్లు, అదే రాఫిల్, ఆ సాయంత్రం అక్కడికక్కడే అమ్మితే లైసెన్స్ అక్కర్లేదు.

తిండి విషయంలో జాగ్రత్త. ఇక్కడ ఎలర్జీ తెచ్చే 14 పదార్థాల జాబితా ఉంది, ఇది కూడా ఉందా అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. మన వంటల్లో అవి అడుగడుగునా ఉన్నాయి: పులిహోరలో వేరుశనగలు, పోపులో ఆవాలు, అరిసెల మీద నువ్వులు, లడ్డూలో నెయ్యి, జీడిపప్పు. ఇంగువ సంగతి చాలామందికి తెలియదు, డబ్బాలో దొరికే ఇంగువ పొడిలో చాలావాటికి గోధుమ పిండి కలిపి ఉంటుంది, గ్లూటెన్ పడనివాళ్లకి పనికిరాదు. ప్రతి గిన్నె ముందు చిన్న అట్టముక్క మీద రాసి పెట్టండి.

టపాసులకి దీపావళి రాత్రి ఒంటిగంట వరకు అనుమతి ఉంది, మామూలు రోజుల్లో పదకొండు వరకే. చట్టం ఒప్పుకున్నా ఊళ్లో గుర్రాలు, కుక్కలు, గొర్రెలు ఉన్నాయి, వాటికి బెదురు. మేము ఎనిమిదింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ఆపేస్తాం అని రెండు వారాల ముందే రాసి, గుర్రాలున్న మూడు ఇళ్లకి నేనే వెళ్లి చెప్పొచ్చాను. ఒకావిడ గుర్రాన్ని ఆ రాత్రికి లాయంలో కట్టేసి, తను వచ్చి రెండు ప్లేట్ల పులిహోర తింది.

ఇక కాగితం. ఒక ఏ4, దూరం నుంచి కనిపించే అక్షరాలు, ఐదు విషయాలే: ఏమిటి, ఏ రోజు (వారం పేరు, తేదీ రెండూ), ఎన్నింటికి, ఎక్కడ, ఎవరికి ఫోన్ చేయాలి. దీపావళి అంటే ఏమిటో ఒక్క వాక్యం. అందరూ రావచ్చు అన్న మాట తప్పకుండా ఉండాలి, అది లేకపోతే ఇది మీవాళ్లకే అనుకుని మర్యాదకి ఎవరూ రారు. మా మొదటి నోటీసులో ఆ ముక్క లేదు, బంగారు రంగు దీపాల బొమ్మలు మాత్రం ఆరు ఉన్నాయి, వచ్చింది పదకొండు మంది.

మ్యాగజైన్ గడువు వెనక పేజీలో ఉంటుంది, సాధారణంగా ముందు నెల మధ్యలోనే అయిపోతుంది. నవంబర్ సంచికలో రావాలంటే అక్టోబర్ 15 లోపు పంపాలి అనుకోండి. దీపావళి అక్టోబర్‌లో పడితే సెప్టెంబర్‌లోనే. వంద మాటలు అడిగితే వందే పంపండి, ఎడిటర్ ఊరికే పనిచేస్తున్న మనిషి.

బోర్డు తాళం అరలో పెట్టాలంటే క్లర్క్‌కి ఇవ్వండి, తెరిచి ఉన్న అరలో మీరే గుచ్చుకోవచ్చు, వేరేవాళ్ల కాగితం తీసేసి కాదు. దుకాణం కిటికీ, పబ్ గుమ్మం అడిగి పెట్టండి. రోడ్డు పక్క దీపస్తంభాలకి, చెట్లకి అనుమతి లేకుండా అంటించడం నేరం కిందికి వస్తుంది, ఊరివాళ్లకి చిరాకు కూడా. వాన పడని వారం ఉండదు కాబట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టి, తెరిచిన వైపు కిందికి ఉండేలా గుచ్చండి. పైకి ఉంటే నీళ్లు నిండి అక్షరాలు కారిపోతాయి.

కార్యక్రమం అయిన మర్నాడే వెళ్లి కాగితాలు తీసేయండి. గుండుసూదులు మాత్రం బోర్డు మీదే, కింద మూలన వరసగా గుచ్చి వదిలేయాలి, మా ఊళ్లో అదొక పద్ధతి. నేను మొదటిసారి ఇంటికి పట్టుకొచ్చేశాను. రెండు రోజుల తర్వాత తెరిచిన అరలో ఒక చిన్న చీటీ కనిపించింది: 'ఎర్ర గుండుసూదులు తీసుకెళ్లినవారు దయచేసి తిరిగి పెట్టగలరు.'